బీపీ వచ్చిందా?

గుబ్బల వీర్రాజు బీపీ ఒక్కసారికి కొలవడం ఎవరివల్లా అయ్యేది కాదు. చేతికి పట్టీ చుట్టి గాలి ఎక్కిస్తుంటే ఆయన మాట్లాడేవాడు. మాట్లాడితే అంకె తప్పు వస్తుంది. చెల్లెలు హైమవతి పట్టీ విప్పి మళ్ళీ చుట్టేది.

"అన్నయ్యా, ఒక్క నిమిషం నోరు మూసుకో."

"మూసుకునే ఉన్నానే. ఆ గుమాస్తా ఏం చేశాడో చెప్పి మూసుకుంటాను."

మూడోసారికి వచ్చిన అంకెను ఆమె నమ్మేది. అది ఎప్పుడూ నూట ఎనభైకి తగ్గేది కాదు.

వీర్రాజు రావులపాలెం అరటి మార్కెట్‌లో వేలంపాట పాడించే మనిషి. రైతులు తెచ్చిన గెలల్ని వరసగా నిలబెడతారు. కొనేవాళ్ళు చుట్టూ చేరతారు. ఆయన వరసల మధ్య నడుస్తూ ధర పలికిస్తాడు. కొనేవాడి మనిషి గెలను తిప్పి చూసి, మచ్చ లేని కాయను పట్టుకుని "మచ్చ కాయ" అంటాడు. ధర తగ్గించడానికి అది అక్కడి అలవాటు. అప్పుడు వీర్రాజు గొంతు యార్డు గేటు దాకా వినపడేది. "ఎక్కడరా మచ్చ? చూపించు. నాకు బీపీ తెప్పించకు." యార్డులో ఆయన్ని బీపీ రాజు అనేవారు. రైతులు తమ సరుకు ఆయన పాటలో పడాలని తెల్లవారకముందే వచ్చి వరస పట్టేవారు.

ఆయన తండ్రి సూరన్నదీ అదే పని. ఒకరోజు చక్కెరకేళి వరసలో, పాట మధ్యలో పడిపోయాడు. మెదడులో నరం చిట్లింది. హైమవతి అప్పటికి ఫార్మసీ చదువుతోంది. కబురు అందుకుని వచ్చేసరికి గెలలు ఎత్తేశారు. తండ్రి పడినచోట అరటాకులు పరిచి ఉన్నాయి.

తర్వాత ఆమె పరిశోధనలోకి వెళ్ళింది. కడియం నర్సరీల పక్కన ఒక ప్రైవేటు కేంద్రంలో మొక్కల సారాల మీద పనిచేస్తోంది. అన్నకు మాత్రలు రాయించింది. ఆయన వారం మింగి మానేశాడు.

"గొంతెండిపోతోందే హైమా. గొంతెండితే పాటెలా వస్తుంది? పాట రాకపోతే నేనెందుకు?"

"బతికుండటానికి."

"నాన్న మాత్రం బతకలేదా ఏంటి? పోయేదాకా బతికే ఉన్నాడు."

*

కేంద్రంలో ఆమె పరీక్షించింది మూడు సారాలు: మునగాకు, తెల్లమద్ది బెరడు, గలిజేరు. విడివిడిగా ఇస్తే ఒక్కొక్కటీ ఎలుకల రక్తపోటును కొద్దిగా తగ్గించింది. రెండేసి కలిపితే ఇంకొంచెం తగ్గింది. సర్పగంధిని ఆమె దగ్గరికి రానివ్వలేదు. అది పోటును తగ్గిస్తుంది కానీ కొందరిని దిగుల్లోకి నెడుతుంది. ఆ సంగతి ఆ రంగంలో అందరికీ తెలుసు.

మూడు సారాలనూ ఒక నిష్పత్తిలో కలిపినప్పుడు ఎవరూ ఊహించనిది జరిగింది. పోటు ఒక అంకె దగ్గరికి దిగి ఆగిపోయింది. తెర మీద గీత కొండలూ లోయలూ లేకుండా సాగింది. ఎలుకను పరుగెత్తించినా ఆకలితో ఉంచినా గీత కదల్లేదు.

చివరి పరీక్షగా పిల్లి వాసన పట్టించిన దూదిని బోనులో పెట్టారు. మామూలు ఎలుకలు మూలకు పోయి ఒకదానిమీద ఒకటి నక్కాయి. మిశ్రమం తాగిన ఎలుకలు దూదిని వాసన చూసి, మళ్ళీ తిండి దగ్గరికి వెళ్ళాయి. గదిలో ఉన్నవాళ్ళందరూ తెర వైపు చూస్తున్నారు. గీత కదల్లేదు. డైరెక్టరు ఉదయభాస్కర్ చప్పట్లు కొట్టాడు. బోను వైపు చూసినవాళ్ళు లేరు.

మందు ఆపితే ఏమవుతుందో కూడా చూశారు. ఒక్కసారిగా ఆపితే పోటు మొదటికన్నా పైకి లేచింది. కొన్ని ఎలుకలు చచ్చిపోయాయి. మెల్లగా తగ్గిస్తూ వస్తే చావలేదు.

మనుషుల మీద పరీక్షకు అనుమతి వచ్చాక హైమవతి అన్న పేరు ఇచ్చింది. ఆయన తనకు ఏమవుతాడో ముందే చెప్పింది. అనుమతి ఇచ్చిన కమిటీ ఒక షరతు పెట్టింది. వీర్రాజు అంకెలు ఆమె చూడకూడదు. మందు గురించి ఆయన్ని ఏమీ అడగకూడదు. ఆ పని ఎస్తేరు చేస్తుంది.

ఎస్తేరుది ఆత్రేయపురం. వచ్చినవాళ్ళతో కలుపుగోలుగా మాట్లాడుతుందని ఉద్యోగం ఇచ్చారు. పరీక్షలో చేరిన ప్రతి ఇంటికీ ఒక యంత్రం ఇచ్చారు. అందులో చెయ్యి పెడితే అంకె దానంతట అదే కేంద్రానికి చేరుతుంది. సగం మందికి మిశ్రమం, సగం మందికి అదే రంగు నీళ్ళు. ఎవరికి ఏది వెళ్ళిందో ఎవరికీ తెలియదు. వారానికోసారి ఎస్తేరు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగాలి. తలనొప్పి, తల తిరగడం లాంటి గుర్తులతో రక్తపోటు పెరిగిన సందర్భం ఏదైనా ఉందా? దిగులుగా ఉంటోందా? ఇంకేమైనా ఇబ్బంది ఉందా?

మొదటి ప్రశ్న పొడుగ్గా ఉంది. రెండో వారానికి అది ఎస్తేరు నోట్లో "బీపీ వచ్చిందా?" అయింది. ఎవరూ తప్పు పట్టలేదు. కేంద్రంలో అందరూ అలాగే అంటారు.

*

మొదట సంతోషించింది వీర్రాజు భార్య సత్యవేణి.

"ఇల్లు ఇల్లులా ఉంది హైమా" అంది ఫోన్‌లో. "కూరలో ఉప్పెక్కువైతే పక్కన పెట్టి పచ్చడి వేసుకుంటున్నారు. నా పెళ్ళైన ఇన్నేళ్ళకి మా ఇంట్లో టీవీ ఏం చెప్తోందో వినపడుతోంది. పక్కింటి రత్నం వాళ్ళాయనకి కూడా ఒక సీసా కావాలంటోంది, ఇస్తారా?"

"అలా ఇవ్వకూడదు వదినా. మందు సంగతి నాతో మాట్లాడకూడదు కూడా."

"మందు సంగతి కాదమ్మా, మా ఆయన సంగతి."

హైమవతి నవ్వింది. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. తండ్రి పోయాక అన్న గురించి ఆలోచించకుండా పడుకున్నది అప్పుడే.

తర్వాత ఫోన్లు తగ్గాయి. వచ్చినప్పుడు సత్యవేణి ఎక్కువ మాట్లాడలేదు. ఒకసారి యార్డు సంగతి చెప్పింది. కొనేవాడి మనిషి కర్పూర గెల తిప్పి "మచ్చ కాయ" అన్నాడట. వీర్రాజు "ఉండొచ్చు" అన్నాడట. మొదట పలికిన ధరకే వరసంతా అతనికి పాట కొట్టేశాడట. సరుకు తెచ్చిన రైతు ఆయన చెయ్యి పట్టుకుని అడిగాడట, "వీర్రాజు గారూ, నేనేమైనా తప్పు చేశానా?" అని.

"ఏమన్నాడు అన్నయ్య?"

"లేదన్నారంట. నిజమే కదా, అతనేం తప్పు చేశాడు?"

ఫోన్ పెట్టేసే ముందు సత్యవేణి, "నువ్వొకసారి రా" అంది.

ఆదివారం హైమవతి వెళ్ళింది. సత్యవేణి కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా గుడ్డ చుట్టి ఉంది. వీర్రాజు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"రా హైమా. ఎలా ఉన్నావు?" అన్నాడు. జవాబు విని మళ్ళీ పేపరు చూసుకున్నాడు.

వంటింట్లో సత్యవేణి గొంతు తగ్గించి చెప్పింది.

"గారెలు వేస్తున్నాను. ఆయన ఇక్కడే పీట మీద కూర్చుని తింటున్నారు. మూకుడు జారింది. నూనె మొత్తం చేతి మీద పడింది. నేను అరిచిన అరుపుకి వీధిలో వాళ్ళొచ్చారు. రత్నమొచ్చింది. దాని మొగుడు, నడుం నొప్పని మంచం దిగడు, వాడూ వచ్చాడు."

"అన్నయ్య?"

"చూశారు. 'కుళాయి కింద పెట్టు, చాలాసేపు ఉంచు, పసుపు రాయకు' అన్నారు. కరెక్టేనంట. డాక్టరు కూడా అదే అన్నాడు, ఎవరు చెప్పారోగానీ మంచిపని చేశారమ్మా, చర్మం దక్కింది అన్నాడు." ఆమె గుడ్డ అంచు సర్దుకుంది. "కానీ లేవలేదు హైమా. పీట మీంచి లేవలేదు. చేతిలో గారె కూడా కింద పెట్టలేదు."

హైమవతి ముందుగదిలోకి వచ్చింది. షరతు ప్రకారం ఆయన్ని ఏమీ అడగకూడదు. అడిగింది.

"వదిన చెయ్యి కాలినప్పుడు నీకేమనిపించింది అన్నయ్యా?"

వీర్రాజు పేపరు మడిచి ఆలోచించాడు. దాటవేయాలని కాదు. జవాబు వెతికాడు.

"కాలింది అనిపించింది" అన్నాడు.

*

మర్నాడు ఎస్తేరు ఫోన్లు చేస్తుంటే హైమవతి వెళ్ళి పక్కన కూర్చుంది. తన పని ఏమైనా చూడ్డానికి వచ్చిందనుకుని ఎస్తేరు స్పీకరు నొక్కింది.

మొదట కొత్తపేట నుంచి ఒక ఆవిడ.

"బీపీ వచ్చిందా అండి?"

"ఎందుకు రాదమ్మా? మా ఆయనున్నాడుగా. పొద్దున్నే తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు. వచ్చిందా అంటే, వచ్చింది మరి."

ఎస్తేరు నవ్వుకుంటూ 'పెరిగింది' అన్నచోట నొక్కింది. తర్వాత ర్యాలి నుంచి పేరంటాలమ్మ. వయసు అరవై దాటింది.

"బీపీ వచ్చిందా పేరంటాలమ్మ గారూ?"

"లేదమ్మా. అసలు రావట్లేదు. మొన్న మా గేదె లారీ కింద పడి పోయింది. ఈనడానికి ఉన్న గేదె. మా కోడలు రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. నాకు రాలేదు. డ్రైవరు దిగి దండం పెడితే వెళ్ళు నాయనా అన్నాను."

"మంచిదండి. దిగులుగా ఉందా?"

"దిగులెందుకమ్మా? లేదు."

"ఇంకేమైనా ఇబ్బందా?"

"ఏం లేదు. హాయిగా ఉంది. అంటే, హాయి అని కాదు. ఏం లేదు."

ఎస్తేరు 'పెరగలేదు' నొక్కింది. 'దిగులు లేదు' నొక్కింది. 'ఇబ్బంది లేదు' నొక్కింది. తర్వాతి నంబరు కలపబోతుంటే హైమవతి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎస్తేరూ, నువ్వు ఆవిణ్ణి ఏం అడిగావు?"

"బీపీ వచ్చిందా అని, మేడమ్."

"ఆవిడ దేని గురించి చెప్పింది?"

ఎస్తేరు తాను నొక్కిన మూడు జవాబులూ మళ్ళీ చదువుకుంది. ఆమె ఊళ్ళోనూ అంతే. రక్తపోటు అని ఎవరూ అనరు, బీపీ అంటారు. కోపం వచ్చిందని కూడా అనరు. బీపీ వచ్చిందంటారు. ఇన్ని నెలలుగా ఆమె ఒకటి అడుగుతోంది, వాళ్ళు ఇంకొకటి చెబుతున్నారు. నీళ్ళు తాగినవాళ్ళు మొగుళ్ళ మీద వచ్చిన కోపం చెప్పారు. అది రక్తపోటు కింద చేరింది. మిశ్రమం తాగినవాళ్ళు కోపం రావట్లేదని ప్రతివారం చెబుతూనే ఉన్నారు. అది గుణం కింద చేరింది. ఎవరూ ఏదీ దాచలేదు.

"గేదె పోయిందని చెప్తే నేను 'మంచిదండి' అన్నాను మేడమ్" అంది ఎస్తేరు.

*

ఉదయభాస్కర్ మొత్తం విన్నాడు. మంచి శ్రోత.

"కోపం రాకపోవడం ఏ జబ్బు కిందికి వస్తుంది హైమవతీ? మా ఇంట్లో అయితే పండగ చేసుకుంటారు."

"కోపం ఒక్కటే కాదు సర్. భయం లేదు, బాధ లేదు. గుండె కొట్టుకుంటేనే భయం. నెత్తురు పొంగితేనే కోపం. మనసు తర్వాత వచ్చి దానికి పేరు పెడుతుంది. మనం ఆ పొంగు ఆపేశాం. పేరు పెట్టడానికి అక్కడ ఏమీ లేదు. ఎలుకలు దూది దగ్గర నక్కకపోతే మనం గీతనే చూశాం సర్."

"దిగులు ఉందా అని అడిగాం కదా?"

"దిగులు కూడా ఒక పొంగే."

"ఒక్కరైనా ఇబ్బంది ఉందన్నారా?"

"అనరు సర్. అనాలంటే లోపల ఏదో ఒకటి లేవాలి."

ఉదయభాస్కర్ కిటికీ వైపు చూశాడు. నర్సరీలో మనుషులు కుండీలకు నీళ్ళు పెడుతున్నారు.

"ఒక బస్సు డిపో మేనేజరు నిన్న వచ్చాడు. డ్రైవర్లకి ఎప్పుడిస్తారని అడిగాడు. కోపం తెచ్చుకోని డ్రైవరు కావాలట. నేనేం చెప్పను? భయం కూడా ఉండదని చెప్పనా? చెప్తే ఇంకా సంతోషిస్తాడు." అతను కుర్చీ ముందుకు జరిపాడు. "చూడు. ఈ పరీక్షలో పక్షవాతం ఒక్కరికీ రాలేదు. మిశ్రమం ఆపితే కొందరికి వస్తుంది. అది నీకు నాకన్నా బాగా తెలుసు. మందు తాగుతున్న మనిషి స్వయంగా వద్దంటే ఆపుదాం. మెల్లగా తగ్గించి ఆపుదాం. ఇంట్లోవాళ్ళు వద్దంటే ఆపలేం. రూలు అదే కదా."

రూలు అదే. మానుకోవాలనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు. కారణం చెప్పక్కర్లేదు. ఆ మాట మాత్రం తన నోటితో చెప్పాలి.

హైమవతి ఎస్తేరును వెంటబెట్టుకుని రావులపాలెం వెళ్ళింది. వీర్రాజు భోజనం చేసి కూర్చున్నాడు. మార్కెట్ నుంచి ముందుగానే వచ్చేశాడు. ఆయన పాట కోసం ఇప్పుడు ఎవరూ వరస పట్టడం లేదు.

"అన్నయ్యా, ఆ మందు మానేస్తావా?"

"మానెయ్యమంటే మానేస్తాను."

"నేను అనకూడదు. నీకు మానెయ్యాలని ఉందా?"

"తాగమంటే తాగుతాను. నాకేం తేడా లేదు."

"మీ సొంత ఇష్టమని ఒక్క మాట అనండి బాబాయ్ గారూ" అంది ఎస్తేరు. "చాలు. నేను నొక్కేస్తాను."

వీర్రాజు ఆమె వైపు చూశాడు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. యార్డులో ఆ పేరు కూడా ఉంది.

"ఇష్టం అంటే... లేదమ్మా" అన్నాడు.

ఎస్తేరు బయటికి వెళ్ళి బస్టాపులో కూర్చుంది. సత్యవేణి పళ్ళెం తీస్తూ హైమవతిని వంటింట్లోకి రమ్మంది.

"ఆయన సీసా ఎలా తాగుతున్నారో తెలుసా హైమా? పొద్దున్న కాఫీ పక్కన నేను పెడతాను. పెట్టింది తాగుతారు. పెట్టమని ఎప్పుడూ అడగలేదు. రేపట్నుంచి పెట్టను. అడిగితే పెడతాను. అది ఆయన ఇష్టమే కదా?"

"ఒక్కసారిగా ఆపితే నాన్నలాగే పోతాడు వదినా."

"ఆపకపోతే?"

ముందుగదిలో వీర్రాజు ఇదంతా వింటూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి లేచి ఫ్యాను తగ్గించుకున్నాడు.

"సగం పొయ్యి" అంది హైమవతి చివరికి. "రేపట్నుంచి. తర్వాత ఎంత పొయ్యాలో నేను చెప్తాను. నేను ఇక్కడే ఉంటాను."

మర్నాడు తాను చేసిన పని ఉదయభాస్కర్‌కు ఫోన్ చేసి చెప్పింది. అతను కోప్పడలేదు. పరీక్ష నుంచి ఆమెను తప్పించారు. గది తాళం ఎస్తేరు చేత తెప్పించుకున్నారు. వీర్రాజు పేరు కొట్టేశారు. మధ్యలో మానినవాళ్ళ క్షేమం కోసం కొన్ని వారాలు ఫోన్ చేయాలన్నది ఇంకో రూలు. కాబట్టి ఎస్తేరు ఫోన్ మాత్రం వస్తుంది. మిగిలినవాళ్ళకు సీసాలు వెళుతూనే ఉన్నాయి.

*

ఇప్పుడు ఆయన బీపీ కొలవడం తేలిక. చెయ్యి చాపమంటే చాపేవాడు. పట్టీ బిగుస్తున్నా గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఒక్కసారికే అంకె వచ్చేది. నూట ఇరవై. సత్యవేణి ఇంట్లో మిగిలిన సీసాలోంచి రోజూ పోసేదాంట్లో సగం పోసింది. తర్వాత దాంట్లో సగం. అంకె నూట ఇరవై ఆరు అయింది. నూట ముప్పై ఎనిమిది. ప్రతి అంకెకూ హైమవతి తండ్రి పడినచోట పరిచిన ఆకులు గుర్తుచేసుకుంది. కొత్తపేట డాక్టరు దగ్గర పాత మాత్రలే మళ్ళీ రాయించింది. సత్యవేణి వాటిని కాఫీ పక్కన పెట్టింది. ఆయన మింగాడు.

పోటు లేస్తోంది. మనిషి లేవడం లేదు. పొద్దున్న యార్డుకు వెళ్ళి, ఎండ ఎక్కకముందే వచ్చి కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం సత్యవేణి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"ఇది ఇంతేనంటావా?"

"మందు ఆపాక ఎలుకల్లో కొన్ని మళ్ళీ నక్కాయి. కొన్ని నక్కలేదు."

"మీ అన్నయ్య ఎలుకా?"

"నాకు తెలిసింది ఎలుకల గురించే వదినా."

సీసా పూర్తిగా ఆపేశాక ఒక సోమవారం వీర్రాజు గొంతు వీధి మలుపులోనే వినపడింది. హైమవతి బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. ఏ మాటా అర్థం కాలేదు. గొంతు మాత్రం ఆయనదే.

ఆయన గుమ్మంలోకి వస్తూనే మొదలుపెట్టాడు.

"మచ్చంటాడా? నిగనిగలాడుతోంది కాయ. నా కళ్ళముందే బొటనవేలుతో నొక్కి మచ్చంటాడా? అన్నీ వాడికి కొట్టేశానంట ఇన్నాళ్ళూ. రైతులు చెప్తున్నారు. నేనే కొట్టేశానంట. నేనా? నా నోటితోనా?"

"కూర్చోండి. మంచినీళ్ళు తాగండి" అని సత్యవేణి గ్లాసు అందించింది. కుడిచేత్తో అందించింది.

వీర్రాజు గ్లాసు తీసుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ముడతపడి ఉంది. ఆ మచ్చను ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు.

"ఇదేంటే?"

"మీకు తెలుసుగా."

"తెలుసు." ఆయన గొంతు తగ్గింది. "తెలుసే. నేనక్కడే ఉన్నాను. గారె తింటున్నాను. వేణీ, నేను లేచానా?"

"లేదు."

"కొంచెమైనా?"

"లేదండి."

ఆయన ఆ చేతిని వదలకుండా గోడకు ఆనుకుని జారి నేలమీద కూర్చున్నాడు. గొంతెత్తి ఏడ్చాడు. రత్నం గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళింది.

ఏడుపు ఆగాక ఆయన హైమవతి వైపు తిరిగాడు.

"ఏం పోశావే నాకు? ఏం పోశావు? ఆ రైతు నా చెయ్యి పట్టుకుని అడిగాడే, తప్పు చేశానా అని. నేను వాడి మొహం చూశాను. అన్నీ చూశాను. ఇప్పుడన్నీ ఒక్కసారి వస్తున్నాయి. ఎక్కడ పెట్టుకోను?"

"నాన్నలాగా పోకూడదని..."

"నాన్న ఒక్కసారే పోయాడు!"

ఫోన్ మోగింది. సత్యవేణి తీసింది. ఎస్తేరు. వారం ఫోన్.

"నమస్తే పిన్నిగారూ. బాబాయ్ గారికి బీపీ..." ఎస్తేరు ఆగింది. ఇప్పుడు ఆమె ఆ మాట అనడం మానేసింది. "తలనొప్పి, తల తిరగడం లాంటివి ఏమైనా..."

"బీపీ వచ్చిందమ్మా" అంది సత్యవేణి. "వచ్చింది. రాసుకో."

"ఎంత వచ్చిందండి?"

"ఎంతో తెలీదు. విను."

ఆమె ఫోన్‌ను గది మధ్యకు చాపి పట్టుకుంది. కాలిన చేత్తోనే పట్టుకుంది.

హైమవతి సంచిలోంచి పట్టీ తీసింది. అన్న పక్కన నేలమీద కూర్చుంది. ఆయన మెడ మీద నరం ఉబ్బి కొట్టుకుంటోంది. ఆ కొట్టుకోవడం ఆమెకు కనపడుతోంది. తండ్రికి కూడా అక్కడే కొట్టుకునేది. వెంటనే కొలవాలి. మాత్ర ఎక్కువ చేయాలో వద్దో తేలాలి.

"అన్నయ్యా, చెయ్యి ఇలా ఇవ్వు. ఒక్క నిమిషం మాట్లాడకు. అంకె తప్పు వస్తుంది."

"రానీ. తప్పొస్తే రానీ. ఆ మాత్రలు కూడా నాకొద్దు, గొంతు చూడు ఎలా ఎండిపోయిందో. నువ్వేమనుకున్నావంటే..."

ఆయన చెయ్యి చాపాడు. చాపి మాట్లాడుతూనే ఉన్నాడు. గెలల గురించి, రైతు గురించి, గారె గురించి, తండ్రి గురించి. హైమవతి పట్టీ చుట్టింది. గాలి ఎక్కించే బుడ్డిని చేతిలో పట్టుకుంది. నొక్కలేదు. ఆయన మాట ఆపాక నొక్కుదామని అలాగే కూర్చుంది.